తాలు

ఏనుమాముల యార్డులో ఫాల్గుణం దగ్గుతుంది.
లారీ టైర్ల కింద, చాయ్ గ్లాసు అంచున,
లెక్కలు రాసే గుమాస్తా కనురెప్పల మీద
ఎర్రని దుమ్ము.
ఆ దుమ్ములోనే ముప్పై రెండేళ్లు కూర్చుంది ఓదెమ్మ,
చపాటా కుప్ప ముందర, గోనెపట్టా మీద.

కాయ వంక చూడదు.
పక్కనున్న రాజవ్వతో చిట్టీ పైసల కొట్లాట చెప్తూనే
వేళ్లు కుప్పలోకి దిగుతాయి, పైకొస్తాయి.
బరువు లేనిది, పాలిపోయింది, లోపల బూజు దాచుకున్నది
ఎడమకు.
మిగిలిందంతా కుడికి.
"మంచిదాన్ని ఏరుడు ఎవలకైనా అస్తది బిడ్డా,
తాలును పట్టుడే పని."

నేను ఎంజీఎంలో నెత్తురు పరీక్షలు చేసేవాణ్ణి.
ఆమె నడుం నొప్పి మూడు నెలలు పసరుకట్టు కింద దాక్కొని
చివరికి నా జెల్ పలక మీద
సన్నని నల్లని చారగా దొరికింది:
ఒకే ప్రోటీన్, ఒకే అచ్చు, లెక్కలేనన్ని.
ఎముక మూలుగలో ఏదో కణం దారి తప్పి
పొద్దూమాపూ సరుకు దింపుతూనే ఉంది.

ఎట్ల చెప్పాలి?
నాకొచ్చిన తీరులో చెప్పాను.
అవ్వా, నీ ఒంట్లో కణకణానికీ ఒక యార్డు ఉంది.
బస్తాలు బస్తాలుగా ప్రోటీన్లు దిగుతాయి.
దేని మడత దానిది, ఆ మడతలోకి ఒదిగితేనే పని.
మడత తప్పినదాన్ని దువ్వి సర్దే చేతులున్నాయి,
ఒకటికి రెండుసార్లు చూస్తాయి.
ఇంకా మొండికేస్తే దానికో చీటీ కడతారు,
ఆ చీటీకి ఇంకో చీటీ, దానికి ఇంకోటి.
చీటీల గొలుసు చూశాకే తలుపు తీస్తుంది
సన్నమూతి పీపా ఒకటి.
చిక్కు విప్పి దారంలా లోపలికి లాగుతుంది.
లోపల కత్తెరలు.
ముక్కల్ని పారేయరు అవ్వా,
రేపటి ప్రోటీన్‌కు అవే పూసలు.

ఓదెమ్మ అంతా విని అడిగింది:
"ఆ ఏరేటోళ్లకు కూలెంత?"

ఉంది. ఊరికే తలుపు తెరుచుకోదు.
నువ్వు తిన్న బువ్వలోంచే, మడత మడతకూ కొంత.

"ఎప్పటికప్పుడేనా? మాకన్న నయం."

మందు చేసేది తిరకాసు పని:
ఆ కత్తెరల నోరు కట్టేస్తుంది.
అతిగా దింపే కణానికి తాలూ అతిగానే,
ఏరే చేయి ఆగితే
తన కుప్ప కిందే తాను ఊపిరాడక చస్తుంది.
తక్కువ సరుకున్న కణాలు ఎట్లనో నెట్టుకొస్తాయి.

"అంటే, రోగం పోవాల్నని ఏరేటోళ్లను పనిల కెల్లి తీసేస్తరా?"
డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది.

వారానికి రెండు సూదులు, పొట్ట మీద.
నాలుగో నెలకు నా పలక మీద చార వెలిసిపోయింది.
సంబరంగా కాగితం పట్టుకొని వార్డుకు పోయాను.
ఆమె కాగితం చూడలేదు. వేళ్లు చూపించింది.
ముందు చీమలు పాకినయట.
తర్వాత దూది పట్టుకున్నట్టు.
ఇప్పుడు ఏమీ లేదు.
వేళ్ల కొసల దాకా సాగిన నరాలకూ
ఆ మందు సెగ తాకుతుందని
నేను చదివే ఉన్నాను. చెప్పలేదు.

నిన్న చెంగులో చుట్టుకొచ్చింది పావుకిలో కాయలు.
నాలుగు మంచాల అవతలి దాకా తుమ్ములు.
నర్సు సువార్త కిటికీలు తెరుస్తూ తిట్టింది.
ఓదెమ్మ కళ్లు మూసుకొని ఒకటి తీసింది,
వేళ్ల మధ్య తిప్పింది.
"తెలుస్తలేదు."
మళ్లీ తిప్పింది.
చెవి దగ్గర ఆడించింది.
కింది పెదవికి ఆనించి, కాసేపు అట్లనే ఉండి,
ఎడమకు పెట్టింది.

నేను తీసి చీల్చాను.
లోపల బూడిదరంగు బూజు.

తలెత్తేసరికి
రెండో కాయ ఆమె పెదవి మీదుంది.